అంచు దాకా

చిన్నది పోయిన రోజున పెద్దది బట్ట చూస్తోంది.

బట్టల మిల్లులో ఆమె పనే అది. వెనక దీపాలు వెలిగే అద్దపు బల్ల మీదుగా బట్ట మెల్లగా కిందికి జారుతుంటే, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కళ్లు తిప్పుతూ తెగిన పోగో, నూనె మరకో పట్టుకోవాలి. ఆ పనికి ఒకటే కట్టుబాటు. చూపు బయల్దేరాక అంచు చేరేదాకా తల ఎత్తకూడదు. ఎత్తావా, తప్పు సరిగ్గా అక్కడే దాటిపోతుంది. చెల్లెలు యంత్రం వెనక నిలబడి, చూసిన బట్ట ముడత పడకుండా రోలరుకు చుట్టించేది. ఆపే మీట మాత్రం అక్క చేతి పక్కనే ఉండేది.

చిన్నదానికి ఊరికే ఉండడం చేతకాదు. విసుగెత్తినప్పుడల్లా "అక్కా, ఆపు" అని కేకేసేది. అక్క మీట నొక్కి పరిగెత్తుకొస్తే, "ఏం లేదక్కా, నీ మొహం చూసి చాలాసేపయింది" అని నవ్వేది. దానికి సూపర్‌వైజరు పెట్టిన చీవాట్లన్నీ పెద్దదానికే. అప్పట్నుంచి ఆమె ఆ కేకకి కదలడం మానేసింది.

ఆ రోజు కూడా చిన్నది "అక్కా, ఆపు" అంది. జడ రోలరులో పడింది. పెద్దది అంచు దాకా చూసి, అప్పుడు తల తిప్పింది.

జరిగింది తల్లికి చెప్పేటప్పుడు పిలుపు సంగతి చెప్పింది, అంచు సంగతీ చెప్పింది. రోజూ పిలిచే ఉత్తుత్తి పిలుపుల సంగతి మాత్రం చెప్పలేదు. పోయినదాని మీద మాట పడుతుందని మింగేసింది.

ఇంటికి ఎవరొచ్చినా తల్లి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "చెప్పవే, పిన్నికి చెప్పు" అనేది. పెద్దది మొదట్నుంచీ చెప్పేది. "ఆపు అంది" అన్న దగ్గర గొంతు పూడుకుపోయేది. అప్పుడు తల్లి కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఏడుపు అయ్యాక కళ్లు తుడుచుకుని, "అంచు దాకా చూసింది మా మహాతల్లి. బట్ట మాత్రం పాడవలేదు లెండి" అని ముగించేది.

పెద్దదానికి బల్ల దగ్గర నిలబడడం కష్టమైపోయింది. ప్రతి అంచు దగ్గరా జడ కనిపించేది. మిల్లు వాళ్లే మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

"జరిగింది మాయమైపోదు. దాన్ని తలుచుకుంటూ నా వేళ్ల వెంట కళ్లు తిప్పు. దాని కాటు కాస్త కాస్తగా తగ్గుతుంది" అంది డాక్టరమ్మ. వేళ్లు అటూ ఇటూ కదిలాయి. పెద్దది రెప్ప వాల్చకుండా చూసింది.

"ఏం గుర్తొస్తోంది?"

"మీ గోరు పక్కన తోలు లేచిందండీ."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. ఆ కళ్లకి అలా తిరగడమంటే తప్పులు వెతకడమే. అందుకని వేళ్లు దించి, ఒకదాని తర్వాత ఒకటిగా ఆమె మోకాళ్లు తట్టడం మొదలుపెట్టింది. ఇలా కూడా చేస్తారంది.

"మనసుకి దెబ్బ తగిలితే కళ్లు తిప్పిస్తారా? మోకాలికీ బోడిగుండుకీ ముడి" అంది తల్లి, ఇంటికొచ్చాక.

"ఇప్పుడు కళ్లు కాదమ్మా, మోకాళ్లే తడుతోంది."

"నేననలేదూ? ఇక బోడిగుండొకటే మిగిలింది."

మోకాళ్లు తట్టించుకోగా తట్టించుకోగా నిద్ర పట్టసాగింది. ఒకనాడు పక్కింటావిడ వచ్చింది. తల్లి కుర్చీ వేసింది. పెద్దది మొదట్నుంచీ చెప్పింది. "ఆపు అంది" అన్న మాట దాటింది, గొంతు పూడలేదు. తల్లి అప్పటికే కొంగు నోటి దాకా తెచ్చుకుంది. దాన్ని మళ్లీ ఒళ్లోకి దించుకుంది.

పక్కింటావిడ వెళ్లాక, "వార్తలు చదివినట్టు చదివావే" అంది తల్లి.

"బాధ లేకపోవడం కాదమ్మా."

"చిన్నది ఎలాగూ పోయింది. దాని పేరు మీద నీ దగ్గర ఉన్నది ఆ ఏడుపొక్కటే. దాన్ని కూడా ఎవత్తెకో అప్పజెప్పి వచ్చావు."

ఆ పూట నుంచి తల్లి పెద్దదానికి వడ్డించడం మానేసింది.

తల్లి దగ్గర మింగేసిన మాట కూడా పెద్దది డాక్టరమ్మకి చెప్పింది. "చెల్లెలు కేకేసినప్పుడు నువ్వు ఆటే అనుకున్నావు. ఆ మాట మీ అమ్మకి తెలియాలి. నా ఎదురుగా చెబుదువుగాని, తీసుకురా" అందావిడ.

తల్లి వచ్చింది. పెద్దదాని వెనక గోడ వారగా కూర్చుంది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, సూపర్‌వైజరు పనివాళ్లని చూసినట్టు డాక్టరమ్మ చేతులకేసి చూస్తూ ఉంది. పెద్దది కాస్త కుదుటపడ్డాక ఆ మాట చెప్పాలని అనుకున్నారు. డాక్టరమ్మ మోకాళ్లు తట్టసాగింది.

"ఇప్పుడేం కనిపిస్తోంది?"

"బట్ట. సగం దాటాను."

"అక్కా, ఆపు."

వెనక నుంచి వచ్చింది. అదే గొంతు, చివర్న అదే సాగదీత. ఆ గొంతుకి మాటలు నేర్పిన తల్లికి దాన్ని తెచ్చుకోవడం ఏమంత కష్టం కాలేదు.

పెద్దది కుర్చీ కిర్రుమనేలా గిరుక్కున తిరిగింది. అంచు దాకా ఆగలేదు.

తల్లి కళ్లు పొడిగా ఉన్నాయి. "ఇప్పుడు మాత్రం తిరిగావే" అంది.

పెద్దది నేల మీదికి జారిపోయి, చిన్నది పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది. "మీరు బయట కూర్చోండమ్మా" అంది డాక్టరమ్మ, గొంతు పెంచకుండా.

"కూర్చుని ఏం చెయ్యను? వచ్చిన పనైపోయింది" అని తల్లి సంచీ తీసుకుని లేచింది.

ఆ పూట తల్లి తన చేత్తో వడ్డించింది. పక్కనే కూర్చుని, పెద్దదాని వాచిన కళ్లకేసి చూస్తూ, "తిను. రేపు మీ అత్త వస్తానంది. మొదట్నుంచీ చెప్పాలి కదా, ఓపికుండాలి" అంది.

పెద్దది తింది.

చిన్నది రోజూ ఊరికే అలా పిలిచేదన్న మాట తల్లికి ఇంకా చెప్పలేదు.