కుడి జేబులోని ఎర్రబంతి

నేను ఒక బంతిని అంటే, ఏ పిల్లల చేతుల్లోనో ఎగిరి ఏ ఇంటి కప్పుమీదో మిగిలిపోయి ఉంటానని మీరు అనుకోవచ్చు. పిల్లల చేయి నన్నెన్నడూ తాకలేదు. నేను పోలీసు ఉద్యోగం చేశాను. గట్టి ఎర్ర రబ్బరుతో, గుప్పిట్లో సరిగ్గా ఇమిడేంత పరిమాణంలో నన్ను అచ్చుపోశారు. రెండు అచ్చులు కలిసిన చోట నా నడుము చుట్టూ సన్నని గీత ఉంది. రబ్బరులో కలిపిన గంధకం ఘాటు నాకు పుట్టుకతో వచ్చింది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు. మనుషుల ముక్కులు రెండు రోజుల్లో దాన్ని మరిచిపోయాయి. రీటా ముక్కు మరవలేదు. నా కథంతా అక్కడే ఉంది.

రీటా నల్లటి లాబ్రడార్. బాంబులను వాసనతో పసిగట్టడానికి ఒక జిల్లా పోలీసు జాగిలాల దళం దాన్ని తెచ్చుకుంది. దాని బాధ్యత మస్తాన్ వలి అనే కానిస్టేబులుది. ఆటవస్తువుల అంగడిలో వలలో వేలాడుతున్న నన్ను ఏరుకున్నవాడు అతడే. అతని పద్ధతి ఇది: పేలుడు మందు నమూనాను ఒక పెట్టెలో దాస్తారు, కుక్క దాన్ని కనిపెట్టి, మొరగకుండా, పెట్టెను తాకకుండా, దాని ముందు కూర్చోవాలి, కూర్చున్న క్షణంలో నేను వలి కుడి జేబులోంచి వెలువడి దాని నోట పడాలి. "తిండి పెడితే కడుపు నిండినాక పని మానుకుంటాది. బంతికైతే కడుపు నిండేది ఉండదు" అనేవాడు వలి.

దళంలో పెద్దవాడైన హెడ్ కానిస్టేబులు ఓబులేసుకు ఈ మాట గిట్టేది కాదు. ఆయనది మెడగొలుసు పక్షం. తప్పు చేసిన క్షణంలో గొలుసును ఒక్క గుంజు గుంజాలి, అంతకుమించి కుక్కతో మాటలెందుకన్నది ఆయన ముప్పై ఏళ్ల సిద్ధాంతం.

"ఏమప్పా వలీ, కుక్కకు డ్యూటీ నేర్పిస్తాండావా, ఆటలు నేర్పిస్తాండావా? నా పాత కుక్క టిప్పు పదేండ్లు చేసినాడు. ఒక్కనాడన్నా బంతి అడిగినాడా?"

"టిప్పుకు నోరు లేదన్నా. మెడల్ రాలేదని నువ్వు మూడు దినాలు అన్నం తినలే గదా?"

"అది యేరే!"

"యాడ యేరే? నీది ఇత్తడిది, దానిది రబ్బరుది."

ఓబులేసు నవ్వాపుకోలేక టీ గ్లాసు కింద పెట్టేవాడు. ఈ వాదన వారానికి రెండుసార్లైనా జరిగేది. భయం మేలా, ఆశ మేలా అని ఇద్దరూ ఎంత దూరమైనా తర్కించేవారు. పని లేని వేళ నన్ను ఎక్కడ ఉంచుతున్నారన్నది మాత్రం ఏ తర్కంలోకీ రాలేదు.

మా గదిలో ఎలుకలు ఎక్కువ. మొదటి వారంలోనే ఒకటి నన్ను కొరికింది. వలి ఆ గాటును బొటనవేలితో తడిమి, చాలా బాధపడి, మూత గట్టిగా పడే ఒకే ఒక్క డబ్బాలో నన్ను భద్రపరిచాడు. అది నమూనాలు దాచే ఇనుప డబ్బా. గుడ్డలో చుట్టిన ఆ మందు పొట్లాల నడుమ నేను రెండున్నరేళ్లు ఉన్నాను. నా ఘాటు ప్రతి పొట్లానికీ పట్టింది. పెట్టెల వరుసలో రీటా వెతికింది మందును కాదు, నన్ను. నా వాసన తగిలిన చోట కూర్చునేది, అందరూ మెచ్చుకునేవారు, నేను వెళ్లి దాని నోట పడేదాన్ని. తన పనిమీద దానికి అనుమానం రావడానికి కారణమే లేదు.

బస్టాండుల్లో, సభాప్రాంగణాల్లో, రైలు బోగీల్లో వెతికాం. ఏమీ దొరకలేదు. ఊరికే వెతికి కుక్క నిరాశ పడుతుందని, చివర్లో వలి మా డబ్బాలోని పొట్లమొకటి ఏ బల్లకిందో దాచి, రీటా చేత కనిపెట్టించి, నన్ను ఇచ్చేవాడు. ఏమీ దొరకకపోవడమే మా ఉద్యోగంలో విజయం గనుక మమ్మల్ని పొగిడారు. రీటా నిశ్చింతగా దాటివచ్చిన ప్రతి సంచినీ తలచుకుని జేబులో నేను ముడుచుకుపోయేదాన్ని.

మూడో ఏడు నగరం నుంచి పరీక్షాధికారిణి వచ్చింది. తన నమూనాలను మూసిన సీసాల్లో తానే తెచ్చుకుంది. మైదానంలో ఎనిమిది సూట్‌కేసులు వరుసగా పెట్టారు. మందు ఉన్న ఐదోదాన్ని రీటా తోక ఊపుతూ దాటిపోయింది. చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చి, వలి ముందు కూర్చుని, ముక్కును అతని కుడి జేబుకు గురిపెట్టింది. మొరగలేదు. తాకలేదు. నేర్పినదంతా తు.చ. తప్పకుండా పాటించింది.

"ఇంకోసారి పంపండి" అందామె. ఇంకోసారీ అది అక్కడే కూర్చుంది.

"దీనికి బహుమతి మీద తప్ప పనిమీద దృష్టి లేదండీ. పదిహేను రోజులు టైమిస్తాను. అప్పుడూ ఇంతే అయితే దళంలోంచి తీసేయాల్సిందే."

వలి ఆ సాయంత్రం ఓబులేసు ముందు చేయి చాచాడు. "అన్నా, నీ గొలుసియ్యి."

ఓబులేసు గెలిచినవాడిలా నవ్వలేదు. "నేర్చుకుంటాది లేప్పా, తెలివైంది" అని మాత్రం అన్నాడు.

నన్ను డబ్బాలోంచి తీయడం మానేశారు. రీటా మెడకు గొలుసు పడింది. పొట్లాలకు నా వాసన అలాగే ఉంది కనుక, పొట్లమున్న పెట్టె ముందు అది తప్పకుండా కూర్చునేదట. తల ఎత్తి నాకోసం చూసేదట. నేను వచ్చేదాన్ని కాదు. "సూడు, గొలుసు పడినాక ఒక్క తప్పు లేదు" అన్నాడు ఓబులేసు. వలి తలూపాడు. ఇద్దరి సిద్ధాంతాలకూ రుజువు నేనే అయ్యాను. చెప్పడానికి టిప్పుకు లేనట్టే నాకూ నోరు లేదు.

పదహారో రోజున పరీక్షాధికారిణి మళ్లీ వచ్చి పెట్టించిన సూట్‌కేసుల వరుసలో రీటా మూడుసార్లు తిరిగిందట. వలి గొలుసు గుంజాడట. వణుకుతూ, దగ్గరలో ఉన్న ఖాళీ సూట్‌కేసు ముందు కూర్చుందట.

దళంలోంచి తీసేసిన రీటాను కాపలాకు తీసుకుపోవడానికి ఊరవతల చీనీతోట ఉన్న ఆసామి ఒకాయన వచ్చాడు. ఆ ఉదయం వలి నన్ను తీసి కుడి జేబులో వేసుకున్నాడు, ఇచ్చేద్దామనే. రీటా గాలి పీల్చింది. పరుగున వచ్చి జేబు ముందు కూర్చుంది. మొరగలేదు. తాకలేదు. వలి చేయి లోపలికి వచ్చింది. అతని వేళ్లు నా పాత గాటుమీద ఆగాయి.

"ఇయ్యొద్దప్పా" అన్నాడు ఓబులేసు మెల్లగా. "ఈ ఆశే దాన్ని చెరిపింది. కొత్తచోట బతకాల్సిన కుక్క ఇది. ఈడనే తెంపెయ్."

వేళ్లు నన్ను వదిలాయి.

"లెయ్ రీటా. పోదాం."

అది లేవలేదు. కూర్చుంటే బంతి వస్తుందని నేర్పినవాడి ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. చివరికి వలి దాన్ని కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఎత్తి ఆసామి బండిలో పెట్టాడు. ఎత్తేటప్పుడు దాని తడి ముక్కు జేబుగుడ్డ మీదుగా నాకు తగిలింది. అది సరిగ్గానే కనిపెట్టింది. నేను అక్కడే ఉన్నాను.

పారేయడానికి వలికి మనసొప్పక నన్ను తిరిగి డబ్బాలోనే పెట్టాడు. ఇప్పుడు దళానికి కొత్త కుక్కపిల్ల వచ్చింది. గొలుసూ వాడుతున్నారు, బంతికి బదులు బిస్కెట్టూ ఇస్తున్నారు. పెద్దవాళ్లిద్దరూ ఆ విషయంలో రాజీపడ్డారు. పిల్ల చురుకైనదని, పొట్లాన్ని ఇట్టే కనిపెడుతోందని చెప్పుకుంటున్నారు. ఎలుకలు తినకుండా బిస్కెట్లను మూత గట్టిగా పడే డబ్బాలో, నా పక్కన పెడుతున్నారు.