విడిగా తిరిగిన చక్రం

ఇరుసు తుడవాలి. బేరింగులో గ్రీజు నింపాలి. రాపిడి తెలిసేలా అంచుకు సున్నం పూయాలి. వంపు దగ్గర పట్టాలు శుభ్రం చేయాలి. ఇంజనీరుగారికి కబురు పెట్టాలి.

వర్క్‌షాపు గోడమీద సుద్దతో రాసిన పనులివి. అన్నీ వంపు కోసమే. తిన్నని దారిలో కూడా నడిపి చూడాలని ఎవరూ రాయలేదు. తిన్నగా పోవడం కూడా ఒక పరీక్షేనా అనుకుని ఉంటారు.

నేను ఒక రైలు చక్రాన్ని. మామూలు చక్రాలు జంటగా ఒకే ఇరుసుకు బిగిసి, కలిసే తిరుగుతాయి. దారి బాగా మెలిక తిరిగిన చోట బయటి చక్రానికి దూరం ఎక్కువ, లోపలిదానికి తక్కువ. ఆ తేడాకు రెండూ పట్టాలమీద ఈడ్చుకుంటూ కీచుమంటాయి. అలా అరిగిన చక్రాలను ముప్పై ఏళ్లు లేతుమీద చెక్కిన టర్నరు పైడయ్యకు ఆ కీచు వింటే ఒళ్లు మండేది. అందుకే నా నడుమ బేరింగు పెట్టి, నన్ను విడిగా తిరగనిచ్చాడు.

“ఏటి మావా, ఆలుమగలకి ఇడాకులిప్పించీసినావా?” అన్నాడు వెల్డరు అప్పలకొండ.

“ఇడాకులు కాదురా ఎదవా. కాపరం ఒకటే, ఎవులి నడక ఆలదే.”

ఆ మాటకు పొంగిపోయాను. ఎప్పుడెప్పుడు కొండ లైను ఎక్కుదామా అని ఒకటే తహతహ.

ఖాళీ వ్యాగనుకు బిగించి నడిపితే, వంపులో నేను కిక్కురుమనలేదు. ఇంజనీరు వేణుధర్ చప్పట్లు కొట్టాడు. “పైడయ్యగారూ, నెలాఖరుకు రిటైరవుతున్నారుగా. ఈలోగా మీ పేరుమీదే పై అధికారులకు రాస్తాను. ప్యాసింజరు బండికి వేయిద్దాం.”

పైడయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, రెండుసార్లు. తర్వాత చేతి అలవాటు కొద్దీ నా అంచుకు మళ్లీ సున్నం పూశాడు.

వ్యాగను తిన్నని దారిన షెడ్డుకు బయల్దేరింది. బిగిసిన జంట అయితే పక్కకు జరిగినా తనంతట తానే మధ్యకు సర్దుకుంటుంది. నాకు ఆ పొందిక లేదు. దారంతా నా అంచు పట్టాకు ఒరుసుకుంటూనే వచ్చాను. పైడయ్య వంగి చూశాడు. సున్నం చెరిగిపోయింది. ఇనుము కాలుతోంది.

వేణుధర్ అవతల టీ తాగుతున్నాడు. చూసినవాడు పైడయ్య ఒక్కడే. చెప్పకయ్యా, చెప్పకు అని లోలోపల గింజుకున్నాను.

“బాబూ, రాయకండి. తిన్నటి దారిలో ఇది పక్కకి లాగేస్తంది.”

“కొంచెం రాపిడే కదండీ!”

“ఆ రాపిడికే అంచు కత్తయిపోద్ది. కత్తయిన అంచు పట్టా ఎక్కేసి బండిని పడదోసేస్తాది. పైన జనముంటారు బాబూ.”

కాగితం అక్కడే ఆగిపోయింది. నెలాఖరుకు పైడయ్య పూలదండతో ఇంటికి వెళ్లాడు. నేను ట్రైనింగ్ స్కూలుకు వచ్చాను. నా కింది పలకమీద ‘విఫలమైన నమూనా’ అని ఉంది. చేసినవాడి పేరు లేదు. వచ్చినవాళ్లు వేలితో ఒకసారి తిప్పి పోతారు. కాసేపు తిరుగుతాను, ఆగుతాను, మళ్లీ ఎవరొస్తారా అని చూస్తాను. మనుషులు గెలిచిన చక్రాన్ని పరుగెత్తిస్తారు, ఓడినదాన్ని భద్రంగా దాచుకుంటారు!

మీరెప్పుడైనా రైల్లో కిటికీ పక్కన నిశ్చింతగా కునుకు తీస్తే, లేచాక టర్నరు పైడయ్యను ఒక్కసారి తలచుకోండి. ఆయన చేసిన చక్రం ఆ బండికి లేదు. లేకుండా చూసినవాడు ఆయనే.