జెలిపా పెద్దమ్మ మరిది

నా ఒళ్లో తుపాకీ. నా పక్క సీట్లో జెలిపా పెద్దమ్మ. రెండింట్లో ఏది ముందు పేలుతుందో చెప్పలేను.

"ఒరేయ్ మసౌసో, నేను వాణ్ని చూపించగానే కాల్చెయ్. బుర్ర గోక్కుంటూ కూర్చోకు."

వాడంటే ఏనుగు. మొన్న రాత్రి లువాంగ్వా నది దాటొచ్చి, ఆమె గాదె కూల్చి, మొక్కజొన్నలన్నీ మేసి పోయింది. ఒంటిదంతం అన్నది ఒక్కటే ఆమెకు చీకట్లో తెలిసింది. నదికి అవతల జంతువుల పార్కులో ఒంటిదంతం ఏనుగులు బోలెడు. ఆమె గుర్తుపట్టి వేలు చూపితేనే కాల్చమని, పార్కు గార్డునైన నాకు మా ఆఫీసరు ఆర్డరు.

మా ఊళ్లో ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో కేకతో ఏనుగుల్ని తోలతారు. జెలిపా పెద్దమ్మ మొగుడి వంశం పేరు ఏనుగు. కాబట్టి ఏనుగులన్నీ ఆమెకు మరుదులే, ఆమె కేక "ఒరేయ్ మరిదీ!" ఆ తర్వాత వచ్చేవన్నీ తిట్లే. మరిదిని ఎంతైనా తిట్టొచ్చు, చెయ్యి మాత్రం చేసుకోకూడదు. అది మాలో కట్టుబాటు.

"మరి మరిదిని చంపిస్తావా?" అన్నాను.

"గాదె ముట్టిన రోజే చుట్టరికం తెగింది."

పుట్టినప్పటి నుంచీ నది ఒడ్డునే ఉన్నా, టూరిస్టులా జీపెక్కి ఆమె పార్కులోకి రావడం ఇదే మొదటిసారి. గేటు దాటగానే కోపం సగం దిగిపోయింది.

"అదుగో జిరాఫీ! కాళ్లు చాపి నీళ్లు తాగుతోంది చూడు, అచ్చం మన పాస్టరుగారు మోకరిల్లినట్టే!"

డ్రైవరు లాక్సన్ పగలబడి నవ్వాడు. "సింహం చూస్తావా పెద్దమ్మా?"

"ఆపరా ఆపు! తెల్లవాళ్లేనా చూసేది?"

సింహం చెట్టుకింద వెల్లకిలా పడి నిద్రపోతోంది.

"మా అల్లుడూ ఇంతే," అందామె.

ఎండిన వాగులోకి దిగాం. ఇసుకలో చక్రాలు కూరుకుపోయాయి. ఇంజను ఆగిపోయింది. అప్పుడే ఎదుటి గట్టు మీద పొదలు రెండుగా చీలాయి.

ఒంటిదంతం!

చెవులు విప్పింది. తల విదిల్చింది. గట్టు దిగి పరుగందుకుంది. లాక్సన్ తాళం తిప్పుతున్నాడు, ఇంజను దగ్గుతోంది. నేను తుపాకీ ఎత్తాను. వేలు ట్రిగ్గరు మీద బిగిసింది.

పెద్దమ్మ సీటు మీదకెక్కి నిలబడింది.

"ఒరేయ్ మరిదీ! సిగ్గులేదట్రా? మీ అమ్మ నీకు బుద్ధులు నేర్పలేదట్రా, గంపచెవులోడా!"

ఏనుగు ఉన్నచోటే ఆగిపోయింది. దాని దుమ్ము మాత్రం వచ్చి మా మొహాన కొట్టింది. చెవులు ముడిచింది. రెండడుగులు వెనక్కి వేసి, పక్కకి తిరిగింది. బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా వెనక్కి చూసుకుంటూ గట్టెక్కసాగింది.

మొన్న రాత్రి గాదె దగ్గర ఆ కేక విన్న ఏనుగు కాక ఇంకోటెందుకు ఆగుతుంది? ముగ్గురికీ తెలిసిపోయింది. తుపాకీ ఇంకా దాని మీదే ఉంది. తప్పే గురి కాదు.

"పెద్దమ్మా, ఇదేనా?"

ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"వేలు చూపించు. పొదల్లోకి పోతోంది!"

"ఇది కాదు."

"నీ మాట విందిగా!"

"అదేరా! వీడి అన్న నలభై ఏళ్ల కాపురంలో ఒక్కనాడైనా విన్నాడా?"

తుపాకీ దించేశాను. "మరి గాదె?"

"మరిది ఆకలేసి తిన్నాడు. ఊళ్లోవాళ్ల ఇంట్లో తిన్నాడా? వదినింట్లోనేగా!" ఆమె దుమ్ము దులుపుకుని కూర్చుంది. "ఇటుకల గాదె కట్టించమని మీ ఆఫీసరుకు చెప్పు. లేదంటే రేపు ఆయన గుమ్మంలో నిలబడి ఇదే కేక వేస్తాను."

ఇంజను ఒక్కసారి గర్జించింది.

"పదరా లాక్సన్! ఆ సింహం లేచిందేమో చూద్దాం!"