మెత్తల దొంగ

ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసే మరదలు, అదే ఆసుపత్రిలో మూడో అంతస్తు నర్సయిన వదిన ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సెక్కుతారు. ఇద్దరి పాదాలూ ఒకటే సైజు. చెప్పులు, బూట్ల విషయం వస్తే మాత్రం ఉప్పూ నిప్పే.

వదినవి ఉబ్బిన రొట్టెల్లాంటి బూడిదరంగు బూట్లు. మరదలు కొత్తగా కొన్నవి పాతకాలపు బాస్కెట్‌బాల్ బూట్ల ఫ్యాషన్‌వి. చీలమండ కిందే ఆగిపోయే తెల్లటి తోలు, పక్కన ఎర్ర చార, పల్చటి చదును అడుగు. వేసుకుని అద్దంలో చూసుకుంటే తనకు తనే ముద్దొచ్చింది. నడిస్తే మాత్రం మడమ దగ్గర తోలు కొరికేది. వదిన అడిగినప్పుడల్లా దూదిలా ఉన్నాయని చెప్పేది. చెప్పి, కౌంటర్ చాటుకు పోయి కాళ్లు బయటికి తీసి ఊపిరి పీల్చుకునేది.

"తుంటి ఆపరేషనైన ముసలాయన నీకన్నా బాగా నడుస్తున్నాడు" అంది వదిన ఒకరోజు, నలుగురు నర్సుల ముందు.

మరదలికి ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున వదిన స్నానానికి వెళ్లగానే ఆమె బూట్లలోని మెత్తలు లాగి తన బూట్లలో దూర్చింది. వాటి బదులు అట్టముక్కలు కత్తిరించి పరిచింది. ఆ రోజు మరదలు నడవలేదు, తేలింది. పనేమీ లేకపోయినా మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వదినకు కనబడి వచ్చింది.

వదిన మధ్యాహ్నానికే గోడలు పట్టుకుంది. వయసు మీద పడిందేమోనని ఎముకల డాక్టరుకు చూపించుకుంది. ఆయన పాదాలు నొక్కి చూసి, జబ్బేమీ లేదు, కాస్త బరువు తగ్గమన్నాడు. ఆ మాటకి వదిన రాత్రి భోజనం మానేసింది. మరదలి నవ్వు అక్కడే ఆగిపోయింది. తెల్లారగానే మెత్తలు తిరిగి పెట్టేద్దామనుకుని పడుకుంది.

తెల్లారి చూస్తే గుమ్మం దగ్గర తెల్ల బూట్లు లేవు. అవి బస్టాపులో వదిన కాళ్లకున్నాయి.

"నా కాళ్లు బాగాలేవు కదా. దూదిలా ఉంటాయన్నావుగా, అందుకని వేసుకొచ్చా" అంది వదిన అమాయకంగా.

మిగిలిన బూడిద బూట్లే వేసుకొచ్చిన మరదలు చూపు తిప్పుకుని బస్సెక్కింది. దారిలో వాన పట్టుకుంది. అట్టలు నాని ముద్దయి, అడుగేస్తే చాలు పచపచమన్నాయి. ఆ రోజు ఆసుపత్రిలో అందరి కళ్లూ వదిన కాళ్ల మీదే. ఎముకల డాక్టరైతే అప్పుడే బరువు తగ్గినట్టున్నారే అన్నాడట.

సాయంత్రం బస్సులో వదిన మెల్లగా అడిగింది. "ఆ అట్టలు దేంట్లోంచి కత్తిరించావ్?"

మరదలు కిటికీలోంచి బయటికి చూస్తూ, "కొత్త బూట్ల డబ్బాలోంచి" అంది. "నీకెప్పుడు తెలిసింది?"

"డాక్టరు బూట్లు విప్పమన్నప్పుడే."

"మరి రాత్రి తినకపోవడం?"

"నువ్వు పడుకున్నాక తిన్నా. రేపటికని దాచుకున్న నీ వాటా కూడా."

మరదలికి ఉక్రోషమొచ్చింది, నవ్వూ వచ్చింది. చివరికి నవ్వే గెలిచింది.

ఆదివారం ఇద్దరూ బూట్ల షాపుకెళ్లారు. వదిన నీలం చార ఉన్న తెల్ల జతను ఏరుకుంది. మెత్తలు పట్టేలా ఒక సైజు పెద్దది అడిగి తీసుకుంది. ఆమె డబ్బు కడుతుండగా మరదలు వెనక వరసలోకి జారుకుని, ఉబ్బిన బూడిదరంగు జతను వేలితో నొక్కి చూసి, అటూ ఇటూ చూసి, గబుక్కున కాళ్లు దూర్చింది.

వదిన చూసింది. చూడనట్టు షాపతనితో చిల్లర గురించి కబుర్లు పెట్టుకుంది.