అంగుళాలా, అడుగులా

ఆ ఆదివారం మధ్యాహ్నం వెర్లిన్ ఇంట్లో ఉన్నది ఐదుగురు. ఇంటాయన వెర్లిన్ టిడ్‌వెల్. ఆయన కొడుకు రాయిస్, పంతొమ్మిదేళ్లవాడు, తండ్రి నవ్వితే నవ్వుతాడు, తండ్రి ఆపితే ఆపుతాడు. ఆయన తల్లి మావిస్, కిటికీ పక్క కుర్చీలో ఒళ్లో గిన్నె పెట్టుకుని పెకాన్ కాయలు పగలగొడుతోంది. ఆయన స్నేహితుడు హోయ్ట్, ఎవరింటికి వెళ్లినా ముందు వంటగదిలోకి తొంగిచూసే మనిషి. ఐదోది లీటా, వెర్లిన్ తమ్ముడు కార్ల్ కూతురు, పదిహేనేళ్ల పిల్ల. బల్ల కింద ముసలి కుక్క కూడా ఉంది కానీ దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. లీటా సంగతీ చాలా రోజులు అంతే.

వెర్లిన్ భార్య నడీన్ ఉండి ఉంటే ఇంకోలా జరిగేదేమో. ఆమె పాటల సాధన అని చర్చిలోనే ఉండిపోయింది.

బల్ల మీద పటం పరిచి, ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టారు. పటంలో వేళ్లు చాచిన చెయ్యిలా నీలంగా కనపడేది స్లేట్ ఫోర్క్ సరస్సు. ఉత్తరాన కొండల్లో ఉంది. తెల్లవారుజామున ట్రక్కు తీస్తే మధ్యాహ్నం దాటాక చేరతారు. ఈ ఇంట్లో దాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. అక్కడ బాస్ చేపలు మోచేతి పొడుగున ఉంటాయనీ, నీళ్లు తేటగా ఉంటాయనీ వినడమే. ఏప్రిల్ చివరి వారం ప్రయాణం. రెండు పడవలు, నాలుగు సీట్లు. మూడు ఎవరివో అడగక్కర్లేదు. నాలుగోది కార్ల్‌ది. కార్ల్ నది మీద సరుకు బల్లకట్లను తోసే పడవలో పని చేస్తాడు. ఈసారి అతనికి సెలవు దొరకలేదు. అప్పుడు ఫోన్ చేసి అన్నకి ఒక్క మాట చెప్పాడు: "నా సీటు లీటాకివ్వు."

వెర్లిన్ కాదనలేదు. అవుననీ మనస్ఫూర్తిగా అనలేదు.

"రమ్మను. కానీ పడవలో దాని నోరు వినపడకూడదు. వినపడిందా, ఎక్కడుంటే అక్కడే గట్టు మీద దింపేస్తా" అన్నాడు.

"అది నోరు తెరవగా ఎవడు విన్నాడ్రా? నిరుడు క్రిస్మస్‌కి పళ్లెం అందిస్తూ ఏదో అంది. దగ్గనుకున్నా" అన్నాడు హోయ్ట్.

లీటాకి ఆ మాటలు కొత్తవి కావు. ఏమన్నా సరే, సీటు దొరికింది. ఆరేళ్ల వయసు నుంచీ తండ్రి పక్కన గట్టు మీద నిలబడి చేపలు పట్టింది. ఎన్నో పట్టింది. కానీ నీళ్లలో ఉండగా ఒక్క చేపనీ చూడలేదు. వాళ్ల నీళ్లలో ఎవరూ చూడలేరు. తాడు బరువెక్కుతుంది, లాగితే మట్టిలోంచి చేప ఊడిపడుతుంది, అంతే. గేలం లేకుండా, భయం లేకుండా తన పని తాను చూసుకుంటూ ఈదే బాస్‌ని ఒక్కసారి చూడాలి. ఈ కోరిక ఆమె నోట్‌బుక్‌లో తప్ప ఇంకెక్కడా చెప్పలేదు.

వాళ్ల నీళ్ల పేరు పాత వంపు. నది ఎప్పుడో దారి మార్చుకుంటూ వదిలేసిన వంపది. రంగు పాలు పోసిన కాఫీ. రేవు గుంజకి ఒక దారం వేలాడుతూ ఉంటుంది, దాని కొసన కాఫీ డబ్బా తెల్ల మూత. దారానికి అంగుళానికో ముడి. పొద్దున్నే ముందొచ్చినవాడు మూతని నీళ్లలోకి వదిలి, అది కనపడకుండా పోయేదాకా ముళ్లు లెక్కపెడతాడు. వెనకొచ్చినవాడు "ఎంత?" అంటాడు. "తొమ్మిది" అంటే మామూలు రోజు. "ఆరు" అంటే సగంమంది ఇంటికి తిరిగిపోతారు. ఎప్పుడైనా "పద్నాలుగు" అంటే ఆ మాట వారమంతా ఊళ్లో తిరుగుతుంది. అంగుళాలని మాత్రం ఎవరూ అనరు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

"నేనే ఫోన్ చేశా. ఆ సరస్సు రేవు నడిపేవాడితో స్వయంగా మాట్లాడా. 'ఎంత?' అని అడిగా. 'పద్దెనిమిది' అన్నాడు" అన్నాడు వెర్లిన్ పటం మీద వేలు కొడుతూ.

హోయ్ట్ ఈల వేశాడు. "పద్దెనిమిదా!"

"ఏముంది, మన మంచి రోజుకన్నా నాలుగు ముళ్లు ఎక్కువ. దానికే అద్దమనీ, స్వర్గమనీ ఆ కొండలోళ్లు డప్పు కొట్టుకుంటారు. మన పద్ధతే. లావు తాడు, నల్లటి ఎరలు, లోపల గజ్జెల్లా మోగేవి. గట్టుకి ఆనుకుని వెళ్లి చేప ముక్కు మీద పడేయడమే."

నిన్న దుకాణం నుంచి తెచ్చిన మూడు లావు తాడు ఉండలు బల్ల మీదే ఉన్నాయి. నల్లగా, బూటు లేసుల్లా ఉన్నాయి. లీటా వాటి వైపు చూసి కళ్లు తిప్పుకుంది.

ఆమెకి తెలుసు. గురువారం వెర్లిన్ ఫోన్ చేసినప్పుడు పక్కన నిలబెట్టుకున్నది ఆమెనే. "ఎప్పుడూ ఏదో గీకుతూ ఉంటావుగా, వాడు చెప్పేది కాస్త గీకు" అన్నాడు. అవతలాయన గొంతు పెద్దది, ప్రతి మాటా బయటికి వినపడింది. కానీ "పద్దెనిమిది" అని వినగానే వెర్లిన్ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, వరండాలో ఉన్న రాయిస్‌కి ఆ అంకె అరిచి చెప్పడంలో పడ్డాడు. ఆ తర్వాత రేవు ఆయన చెప్పిందంతా విన్నది లీటా ఒక్కతే.

"కార్ల్ రీళ్లు ఏవి?" అన్నాడు వెర్లిన్.

తెమ్మన్నాడని లీటాయే తెచ్చింది. కుర్చీ కింద నుంచి తీసి బల్ల మీద పెట్టింది. గేలపు కర్రకి బిగించే రీళ్లు రెండు. పోయిన సెలవులో కార్ల్ వాటికి సన్నటి తెల్ల దారం చుట్టాడు, నీళ్లలో పెడితే ఉందా లేదా అనిపించేది. చుడుతున్నంతసేపూ లీటా పెన్సిల్ గుచ్చి ఉండ పట్టుకుని కూర్చుంది.

"చూడరా హోయ్ట్, సాలెగూడు! దీంతో చేపని పడతాడా, దోమని పడతాడా! రాయిస్, కోసి పారెయ్. లావుది చుట్టు" అన్నాడు వెర్లిన్.

రాయిస్ కత్తెర తీసుకున్నాడు. మొదటి రీలు నుంచి దారం చుట్టలు చుట్టలుగా నేల మీదికి రాలింది. కుక్క లేచి వాసన చూసి మళ్లీ పడుకుంది. రాయిస్ రెండో రీలు అందుకున్నాడు.

"అడుగులు" అంది లీటా.

కత్తెర ఆగింది.

"ఏంటే?" అన్నాడు వెర్లిన్.

"పద్దెనిమిది అడుగులు, పెదనాన్నా. అంగుళాలు కాదు."

"ఒరేయ్, గోడ మాట్లాడింది!" అన్నాడు హోయ్ట్.

వెర్లిన్ నవ్వలేదు. "పద్దెనిమిది అడుగులంటే ఏంటో తెలుసా నీకు? ఈ ఇంటి కప్పెక్కి చూస్తే కింద చీమ కనపడ్డట్టు. అవి నీళ్లే, గాలి కాదు. నీకెవరు చెప్పారే?"

లీటా నోట్‌బుక్ తెరిచింది. దాన్ని బల్లకి ఆనించి చదివింది. "'గురువారం. రేవు ఆయన మాటలు. పద్దెనిమిది. మొన్న ఒకావిడ పడవలోంచి కళ్లజోడు జారవిడిచింది. బోర్లా పడిందో వెల్లకిలా పడిందో పైనుంచే చెప్పాం. ఇక్కడ ముందు చేప మిమ్మల్ని చూస్తుంది. సన్నదారం తెచ్చుకోండి, దూరం నుంచి విసరండి. చప్పుడు చేసే ఎరలు వద్దు.'"

"గప్పాలు. రేవు నడిపే ప్రతివాడూ కొడతాడు."

"శుక్రవారం మళ్లీ నేను ఫోన్ చేశా."

ఆ మాటకి మావిస్ కూడా తలెత్తింది. ఫోన్ మోగితే లీటా పక్క గదిలోకి వెళ్లిపోతుందని అందరికీ తెలుసు. సొంత అత్త ఫోన్ చేసినా మాట్లాడదు.

"ఏదీ, ఈ ముచ్చట నేను చదవాలి" అని హోయ్ట్ నోట్‌బుక్ లాక్కున్నాడు. లీటా లేచి చెయ్యి చాచింది. అతను దాన్ని తలకన్నా ఎత్తున పట్టుకుని, పాదిరిగారి గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. "'అయ్యా, పద్దెనిమిది అంగుళాలా, అడుగులా అని కాగితం మీద రాసుకున్నా. మూడుసార్లు పైకి చదువుకున్నా. రెండుసార్లు మోగుతుండగానే పెట్టేశా. మూడోసారి ఆయన ఎత్తాడు. అడిగితే చాలాసేపు నవ్వాడు. అంగుళాలా? అమ్మాయ్, మీ ఊరి చేపలకి కళ్లున్నాయా, అన్నాడు.'"

హోయ్ట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్ వెర్లిన్, నీకు చెవులున్నాయా? లావు తాడు, గజ్జెలు! పెళ్లివారు దిగారనుకుంటాయిరా ఆ చేపలు! ఈ మాట సోమవారం రేవులో చెప్పకపోతే నా పేరు హోయ్ట్ కాదు!"

రాయిస్ నవ్వబోయి తండ్రి మొహం చూసి మానేశాడు. వెర్లిన్ మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది.

"ఇవ్వండి బాబాయ్, అది నాది" అంది లీటా.

"ఆగవే, బాగుంది. 'పెదనాన్నకి చెప్పాలి. చెబితే నా సీటు తీసేస్తాడు. తప్పు చూపించినవాళ్లని ఆయన పడవ ఎక్కించుకోడు. నిరుడు తాడు తెగి పెద్ద చేప పోయిందన్నాడు. తాడు తెగలేదు. ముడి ఊడింది. గట్టు మీద నుంచి చూశా. చెప్పకపోతే ఏమవుతుంది? అందరిలో నా ఒక్కదాని చేతిలోనే సన్నదారం...'"

హోయ్ట్ గొంతు సగంలో మామూలుదైపోయింది. అతను నోట్‌బుక్ దించాడు. తక్కిన మాట ఎవరూ చదవక్కర్లేకపోయింది.

కాయ పగిలిన చప్పుడు. మావిస్ గింజ తీసి గిన్నెలో వేసింది.

"శుక్రవారం" అన్నాడు వెర్లిన్ నెమ్మదిగా. "నిన్న నేను తాడు కొనడానికి దుకాణానికి బయలుదేరినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"గుమ్మంలో."

"ఏం చేశావు?"

లీటా కింద రాలిన దారం వైపు చూసింది.

"చెయ్యి ఊపావు. వెళ్లిరా పెదనాన్నా అని చెయ్యి ఊపావు. లోపల నవ్వుకుంటూ."

"నవ్వుకోలేదు."

"మరి?"

నవ్వుకోలేదన్నది నిజం. ఆదివారానికి చెబుదాం, సోమవారానికి చెబుదాం అనుకుంటూ వచ్చింది. వీళ్లు తన తండ్రి రీళ్ల జోలికి రాకుండా ఉంటే ఇవాళ కూడా చెప్పి ఉండేది కాదన్నదీ నిజమే.

వెర్లిన్ హోయ్ట్ చేతిలోంచి నోట్‌బుక్ తీసుకున్నాడు. గురువారం పేజీ వెతికి, కుట్టు దగ్గర పట్టుకుని చింపి పటం మీద పెట్టాడు. మిగతాది లీటా ముందుకి విసిరాడు. అది బల్ల మీద జారి నేల మీద పడింది.

"సన్నదారం. దూరం నుంచి విసరడం. చప్పుడు లేనివి" అని పేజీ చూసి చదివాడు, తన ఆలోచనే అన్నట్టు. "రాయిస్, ఈ లావువి రేపు వెనక్కిచ్చి రా. హోయ్ట్, మీ బావమరిది ఖాళీయేనా ఆ వారం?"

"వాడికి పనెప్పుడుంది కనక."

"సీటుందని చెప్పు."

"నాన్న ఆ సీటు నాకు..." అంది లీటా.

"మీ నాన్న నాకు చెప్పింది పిల్లని తీసుకెళ్లమని. పక్కలో పాముని కాదు. పడవ నాది. నడువు."

లీటా నాయనమ్మ వైపు చూసింది. ఆ ఇంట్లో వెర్లిన్ మాట మీద మాట నడిచేది మావిస్ ఒక్కదానిదే. యాభై నాలుగేళ్ల కొడుకుని ఇప్పటికీ బూట్లు బయట విప్పి రమ్మంటుంది, ఆయన విప్పుతాడు. మావిస్ కాయలో ఇరుక్కున్న గింజ ముక్కని గోటితో తీస్తోంది.

"నాన్న రీళ్లు ఇవ్వండి" అంది లీటా. అది గట్టిగా వచ్చింది. అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

వెర్లిన్ మోచేత్తో వాటిని బల్ల చివరికి తోశాడు. ఒకటి బోసిగా, ఒకటి దారంతో. లీటా కింద కూర్చుని, నోట్‌బుక్ తీసుకుని, కోసిన దారాన్ని కూడా పిడికిట్లోకి చుట్టుకుంది. ముక్కలైన దారం దేనికీ పనికిరాదు. అయినా వాళ్ల కాళ్ల కింద వదలబుద్ధి కాలేదు. ఎవరూ కాళ్లు జరపలేదు. హోయ్ట్ బూటు కింద ఉన్న కొసని ఆమె లాగి తెంపుకుంది.

వరండాలోకి వచ్చేసరికి వెనక చేతికర్ర చప్పుడైంది. మావిస్ గుమ్మందాకా వచ్చింది. లీటా ఆగింది.

"నువ్వు చెబితే వింటాడు, నాయనమ్మా."

"వింటాడు."

"నాకు చేప పట్టక్కర్లేదు. నీళ్లలో ఒక్కటి చూస్తే చాలు."

"డెబ్బై ఆరేళ్లు నేనూ చూడలేదు. చచ్చానా?" మావిస్ ఆమె పిడికిట్లోంచి వేలాడుతున్న దారాన్ని చూసింది. "శుక్రవారమే చెప్పి ఉంటే సీటు తీసేసేవాడు, నిజమే. అప్పుడు నేను వాడి చెవి మెలేసేదాన్ని. ఇప్పుడు ఎవరిది మెలెయ్యాలి?"

లోపల హోయ్ట్ అడుగుతున్నాడు, ఎరలు ఏ రంగువని రాసిందని. వెర్లిన్ ఆమె రాత కూడబలుక్కుని చదువుతున్నాడు. "ఆకుపచ్చా... గోధుమా... ఇదేంటి, నీళ్ల రంగా? నీళ్లకి రంగేంట్రా?"

లీటా నోరు తెరిచింది, చెబుదామని.

"పక్కకి జరుగు, ఈగలొస్తున్నాయి" అని మావిస్ తలుపేసింది.