పందుల మడి

పలమనేరు దగ్గరున్న పందుల ఫారంలో శఠగోపం గుమాస్తా. కూటి కోసం చేరాడే గాని, ఆ జంతువుల గాలి సోకినా అపచారమే ఆయనకు. సాయంత్రం ఇంటికొస్తే, పెరట్లో తలారా స్నానం చేయందే భార్య కోమలవల్లి గడప తొక్కనిచ్చేది కాదు.

1978లో ఆయన తిరుచానూరు పోయి పంచమి తీర్థం నాడు అమ్మవారి కోనేట్లో మునిగాడు. పాపాలు అక్కడ వదిలి, జలుబూ జ్వరం వెంట తెచ్చుకున్నాడు. సెలవు పెట్టకుండా దొడ్డి గోడ మీదికి వంగి, తుమ్ముతూనే పందుల్ని లెక్కపెట్టాడు. వారం తిరక్కుండానే పందులన్నీ దగ్గుతూ మూలన పడ్డాయి. మైలని ఆయన ఎప్పుడూ ఆమడ దూరాన నిలబెట్టే దొడ్డి కూలిమనిషి నాగరత్నమ్మ, వాటికి కుడితి పోసిపోసి తానూ మంచం పట్టింది.

పశువుల డాక్టరు రాజారత్నం వచ్చాడు.

"ఈ పాడు జంతువుల వల్లే నాకూ జ్వరం డాక్టరుగారూ!" అన్నాడు శఠగోపం.

"మీకెప్పుడొచ్చింది సామీ?"

"పంచమి తీర్థం మరునాడే."

"పందులు తిరుచానూరుకు రాలేదు గదా?"

శఠగోపం తుమ్మాడు; డాక్టరు ఆయన్ని దొడ్డి గోడ దగ్గర్నించి ఇవతలికి లాగాడు.

"మన పడిశెం పందులకు అంటుతాది, వాటినించి మళ్లా మనుషులకు. జ్వరం తగ్గేదాకా ఇంట్లో ఉండండి. ఆపైన గూడా స్నానం చేసి, ఉతికిన గుడ్డలు కట్టుకొని గాని దొడ్డికాడికి రావద్దు."

శఠగోపం కోలుకుని ఫారానికి వచ్చేసరికి, అప్పటికే లేచి తిరుగుతున్న నాగరత్నమ్మ దొడ్డి వాకిట చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడనే నిలబడు సామీ. తానమైందా? మా పందులు మడిలో ఉండాయి."