వదిలేసిన గీతలు

ముప్పై ఏళ్ళుగా మేస్త్రీ ఇళ్ళకి రంగులేస్తున్నాడు. అన్నీ పరాయి గోడలు, పరాయివాళ్ళకి నచ్చిన రంగులు. అవీ ఒక రంగులేనా! మీగడ రంగు, లేత మీగడ రంగు, ఇంకా లేత మీగడ రంగు. గోడ ఉందో లేదో తెలియకూడదన్నట్టు ఎంచుకుంటారు. దానికి మళ్ళీ మొగుడూ పెళ్ళాలు వారం రోజులు కొట్టుకు చస్తారు.

పోయిన నెల పళ్ళ డాక్టరు గదిలో పనికి వెళ్ళి, గోడ మీది పాత క్యాలెండరు తియ్యబోయి, ఎత్తిన చెయ్యి దించకుండా నిలబడిపోయాడు. బొమ్మలో ఒక గది. గోడ ఎరుపు, నేల ఎరుపు, బల్లా కుర్చీ ఎరుపు. గడియారం ఉంది గాని దానికి ముళ్ళు లేవు.

“మతీస్ అని, ఫ్రాన్స్ ఆయన. పెద్ద చిత్రకారుడు,” అన్నాడు డాక్టరు. “నాకైతే చిన్నపిల్లలు గీసినట్టే ఉంటుంది.”

“గీసిందెక్కడండీ?” మేస్త్రీ ముక్కు బొమ్మకి ఆనించాడు. “ఈ కుర్చీ చూడండి. ఇవి గీసిన గీతలు కావు, వదిలేసినవి. ముందు కింద వేరే రంగులు పూసి, పైన ఎరుపు వేసుకుంటూ వచ్చి, గీత ఉండాల్సిన చోట బ్రష్షు ఆపేశాడు. సందులోంచి కింది రంగు కనబడుతోంది. అబ్బ, ఎంత నిలకడైన చెయ్యండీ ఆయనది! కిటికీ అంచు దగ్గర చెయ్యి ఆపడం నేర్చుకోడానికే నాకు పదేళ్ళు పట్టింది.”

డాక్టరు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. క్యాలెండరు మేస్త్రీకే ఇచ్చేశాడు. గోడకి మాత్రం మీగడ రంగే వేయించుకున్నాడు.

మేస్త్రీ భార్య బట్టలు కుడుతుంది. ఇంటి ముందు గదే ఆవిడ కొట్టు. చెల్లెలింటికి వెళుతూ, “రెండ్రోజుల్లో వస్తా, ఈ పాత పసుపు మీద మీగడ రంగు వేసి పెట్టు,” అని డబ్బా కూడా తెచ్చిచ్చింది. తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏమయ్యా, మతి గానీ పోయిందా? తెల్లారేసరికి కుట్టించుకునేవాళ్ళు వస్తారు. ఈ ఎరుపులో ఎవరి బట్ట ఏ రంగో నాకెలా తెలిసి చస్తుంది? ఈ పూటే మీగడ రంగు కొట్టెయ్!”

పుట్టి బుద్ధెరిగాక తనకి నచ్చిన రంగు వేసుకున్న గోడ అదొక్కటే. అది సాయంత్రానికి ఉండదు. బతిమాలడం మేస్త్రీకి చేతకాదు.

“కొడతాలే. ముందు మిషను జరపాలి. ఓ చెయ్యి వెయ్యి.”

గొణుగుతూనే చెయ్యి వేసింది. ఇద్దరూ కుట్టుమిషన్ని గది మధ్యకి లాగారు. దాని వెనక ఎర్ర గోడ మీద, సన్నటి పసుపు గీతల్లో, ఇంకో కుట్టుమిషను ఉంది. చక్రం, పెడలు, ఆవిడ కుర్చీ, కుర్చీ వీపున వేలాడే కొలతల టేపు.

భార్య వంగి గోడ దగ్గరికి మొహం పెట్టింది.

“నా మిషనేనా? గీశావా?”

“గీయలేదే. వదిలేశా.”

ఆవిడ గీత వెంట వేలు నడిపింది. “కుట్టుకి బట్ట వదిలినట్టు వదిలావన్నమాట. ఎక్కడా పక్కకి పోలేదే!” ముప్పై ఏళ్ళలో ఆవిడ నోట మొదటిసారి మెచ్చుకోలు విని, మేస్త్రీ ఎటు చూడాలో తెలీక డబ్బా వైపు చూశాడు. అంతలోనే, “మరి సూదేదీ?” అంది.

మేస్త్రీ గోడకేసి చూశాడు. నిజమే, మర్చిపోయాడు. “అది... ఆ క్యాలెండరు బొమ్మాయన గడియారానికీ ముళ్ళు లేవులే.”

“ఆయన సంగతి నాకెందుకు? సూది లేని మిషను పెట్టుకుంటే నలుగురూ నవ్విపోరూ? వెయ్యి.”

“ఇప్పుడెలా వేస్తానే? వదలాల్సింది అప్పుడే వదలాలి.”

“తప్పుకో.” కత్తెర మొనతో ఎరుపుని పైనుంచి కిందకి ఒక్క గీరు గీరింది. లోపలి పసుపు సూదిలా బయటపడింది.

“ఇప్పుడు కుడుతుంది,” అని, మూత తియ్యని మీగడ రంగు డబ్బాని గది మధ్యకి లాక్కుని, దాని మీద కూర్చుని మిషనులోకి దారం ఎక్కించసాగింది.